మార్చి మంచులో కొండెక్కడానికి ఏ వాలు మేలు: ఎండదా, నీడదా?

ముందు మాట సంగతి. మన పేపర్లలో మంచు కురిసినా హిమపాతమే, కొండ మీది మంచు విరిగి ఊడిపడినా హిమపాతమే. నేను చెప్పేది రెండోదాని గురించి. మంచు చరియలు అందాం.

హిమాలయాల్లో దక్షిణానికి తిరిగిన వాలు మీద ఎండ పడుతుంది. ఉత్తరానికి తిరిగింది చలికాలమంతా ఎక్కువసేపు నీడలోనే ఉంటుంది. మార్చి వచ్చేసరికి ఈ రెండు చోట్లా మంచు తీరే వేరు.

చూడ్డానికి నీడ వాలే బాగుంటుంది. పిండిలాంటి పొడి మంచు. స్కీయింగ్ వాళ్లు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో గండోలా (కేబుల్ కార్) ఎక్కి దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు వెళ్లేది అలాంటి మంచు కోసమే. చిక్కంతా అడుగున ఉంది. చలికాలం మొదట్లో పల్చగా పడిన మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, పైన గాలి అంతకంటే బాగా చల్లగా ఉంటుంది. ఆ తేడాకి ఆవిరి పైకి పాకుతూ అడుగు పొరని పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. అవి ఒకదానికొకటి అంటుకోవు. తర్వాత పడిన మంచు వాటి మీద పలకలా బిగుస్తుంది. పళ్లెంలో పంచదార పరిచి, మీద అప్పడం పెట్టి, పళ్లేన్ని వంచి చూడండి, అర్థమవుతుంది. ఎండ తగలదు కాబట్టి ఆ పొర వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. అది కూలడానికి ఒక్క మనిషి బరువు చాలు. కాళ్ల కింద ‘వుఫ్’మని మంచు కుంగితే ఇక వెనక్కి రావడమే. అన్నిసార్లూ ఆ చప్పుడు రాదు, అదే టెన్షన్.

ఎండ వాలు పగలు కరిగి, రాత్రి గడ్డకడుతుంది. మబ్బులేని రాత్రి తర్వాత పొద్దున్నే వెళ్తే బూటు దిగదు. ఎండెక్కాక అదే మంచు నీళ్లోడుతుంది. పైనుంచి చిన్న చిన్న ఉండలు దొర్లుతున్నా, బూటు చీలమండ దాటి దిగుతున్నా దిగి వచ్చేయాలి. తడి మంచు కాస్త నెమ్మదిగానే జారుతుంది, ఆగాక మాత్రం కాంక్రీటులా బిగుస్తుంది. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే సరిగా గడ్డకట్టదు, అప్పుడు పొద్దున కూడా నమ్మొద్దు.

నన్నడిగితే మార్చిలో ఎండ వాలే, అదీ పెందలాడే వెళ్లి రావాలి. దాని ప్రమాదానికి ఒక టైమ్ ఉంది, కంటికీ కనిపిస్తుంది. నీడ వాలు ప్రమాదం తెలియాలంటే మంచు తవ్వి చూడాలి, ఆ పని తెలిసిన గైడ్ పక్కన ఉండాలి.

దండిగా కొత్త మంచు పడితే ఒకటి రెండు రోజులు రెండూ వద్దు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. వాలు కొలిచే యాప్ ఫోన్‌లో పెట్టుకోవచ్చు. అయితే మీరున్న చోటు చదునే అయినా తల పైకెత్తి చూడండి. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణాలో మంచు చరియలు పడి 8 మంది చనిపోయారు. వాళ్లు కొండెక్కడానికి వచ్చినవాళ్లు కాదు. క్యాంపులో, కంటెయినర్లలో ఉన్న రోడ్డు పనివాళ్లు.