వామనగుంతలా, అష్టాచెమ్మా, పులిమేకా? మనుమలతో ఆడుకోవడానికి ఏది మేలు

ఏప్రిల్ చివరికి నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. పొద్దున పదకొండు దాటిందంటే పిల్లల్ని వాకిట్లోకి వదలలేం. పాలమూరు దిక్కు చాలా ఊళ్లలో అమ్మానాయినలు ముంబయి, పుణె పనులకు పోతే పిల్లలు ఏడాది పొడుగునా అవ్వాతాతల దగ్గరే ఉంటారు. అక్కడ మనుమలను ఇంట్లో ఆడించడం సెలవుల ముచ్చట కాదు, రోజూ ఉండేదే. ఇంట్లో కూర్చుని పెద్దలు, పిల్లలు కలిసి ఆడే ఆటలు మనకు మూడు ఉన్నాయి. మూడూ మంచివే, కానీ అన్నీ అందరికీ కుదరవు. పిల్లల వయసు ఒక్కటే చూస్తే సరిపోదు. అవ్వ మోకాళ్లు, తాత కండ్లు, ఇంట్లో ఎంతమంది పిల్లలు ఉన్నారన్నదీ చూసుకోవాలి.

అయిదారేండ్ల పిల్ల ఒక్కతే ఉంటే వామనగుంతలతో మొదలుపెట్టండి. రెండు వరుసల్లో ఏడేసి, మొత్తం 14 గుంతలు. గుంతకు అయిదు చొప్పున 70 చింతగింజలు కావాలి. మంచాల కిందికి పోయేవి ఎట్లాగూ పోతాయి కనుక 90 దాకా దగ్గర పెట్టుకోండి. చింతపండు కొట్టినప్పుడు తీసిన గింజలను కడిగి రెండు రోజులు ఎండబెట్టాలి. గుజ్జు అంటుకుని ఉంటే చీమలు పడతాయి. చెక్క పీట లేకపోతే 14 టీ కప్పులు పేర్చినా ఆట నడుస్తుంది.

తన వైపు ఏదో ఒక గుంతలోని గింజలన్నీ తీసి, కుడిచేతి వైపుగా పోతూ గుంతకొకటి వేయాలి. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంతలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంత ఖాళీగా ఉంటే ఆట ఆగుతుంది, ఆ ఖాళీ గుంత తర్వాతి గుంతలో ఉన్నవి మనవి. వరుసగా రెండు ఖాళీలు వస్తే ఏమీ రావు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, గింజలు తీసిన గుంతలోనే మొదటి గింజ వేయడం. రెండో తప్పు, ఒక గుంతను దాటేసి పోవడం. ఈ తప్పు పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది. గుంతకు అయిదు చొప్పున నింపిన ఆటలో మొదటి ఎత్తు ఏ గుంత నుంచి మొదలుపెట్టినా అయిదు సార్లు పంచాక ఆగుతుంది, సరిగ్గా ఏడు గింజలే చేతికొస్తాయి. ఆరో ఎనిమిదో వచ్చాయంటే మధ్యలో ఎక్కడో చేయి జారింది. కండ్లు సరిగా ఆనని అవ్వ కూడా పిల్ల చేతిలో గింజలు తడిమి "మళ్ల లెక్కపెట్టు బిడ్డా" అనొచ్చు.

ఒక ఆట పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత ఎవరి గింజలతో వాళ్లు తమ గుంతలు నింపుకోవాలి. 30 గింజలే మిగిలితే ఆరు గుంతలు నిండుతాయి, ఏడోది ఆ ఆటకు మూత. చిన్న పిల్లలు ఏడుపు లంకించుకునేది ఇక్కడే. ఎనిమిదేండ్ల లోపు పిల్లలైతే ఈ మూత పద్ధతి తీసేసి, ప్రతి ఆటా 35, 35తో కొత్తగా మొదలుపెట్టండి.

గింజల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత పీటల్లో ఎర్రటి గురిగింజలు కనిపిస్తాయి. చూడ ముచ్చటగా ఉంటాయి గానీ కొరికితే విషం. చిన్న పిల్లలున్న ఇంట్లో వాటిని ఉంచనే కూడదు. పాలమూరు ఇండ్లల్లో సీతాఫలం గింజలకు కొదవ లేదు, నున్నగా ఉండి ఆటకు బాగానే పనికొస్తాయి. పగిలినవి మాత్రం ఏరి పారేయాలి, ఆ పొడి కంట్లో పడితే ప్రమాదం. మూడేండ్ల లోపు పిల్ల పక్కన ఉంటే ఏ గింజలతోనూ ఆడొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

నలుగురు పిల్లలు దిగారంటే వామనగుంతలు పనికిరావు, ఇద్దరు ఆడుతుంటే మిగతా ఇద్దరు కొట్లాడుకుంటారు. అప్పుడు అష్టాచెమ్మ. నిలువు అయిదు, అడ్డం అయిదు గడులు గీసి, నాలుగు దిక్కుల నడిమి గడుల్లోనూ సరిగ్గా మధ్యనున్న గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టాలి. నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండింటికీ మరో పందెం ఉంటుంది. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒక పక్క తెల్లగా తేలేదాకా బండకు అరగదీస్తే చాలు, తెలుపు పైకి పడితే వెల్లకిలా.

బయటి గడుల్లో కాయ కుడివైపుగా తిరుగుతుంది. లోపలికి దిగాక ఎదురు తిరగాలి. పిల్లలు తికమక పడేది ఇక్కడే. గడుల మీద సుద్దముక్కతో బాణాలు గీసిపెడితే సగం గొడవ తప్పుతుంది. సొంత ఇంటి (తన వైపు ఇంటూ గడి) నుంచి నడిమింటికి (సరిగ్గా మధ్యనున్న గడి) సరిగ్గా 24 గడుల నడక. ఎవరి కాయ నడక మీద అనుమానం వచ్చినా లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. ఎదుటివాళ్ల కాయను ఒక్కటన్నా చంపితేనే లోపలికి పోనిచ్చే పద్ధతి కొన్ని ఇండ్లల్లో ఉంది, కొన్నిట్లో లేదు. మొదటి పందెం పడకముందే ఒప్పందం చేసుకోవాలి, ఆట నడుమ తేల్చేది కాదు.

ఈ ఆటలో అదృష్టానిదే పెద్ద చేయి. అందుకే అయిదేండ్ల మనుమడు తాతను నిజంగానే ఓడిస్తాడు, తాత కావాలని ఓడిపోవాల్సిన పని లేదు. చిక్కల్లా సమయంతోనే. నలుగురు నాలుగేసి కాయలతో దిగితే గంట దాటుతుంది. కాయ పండాలంటే, అంటే నడిమింటికి చేరాలంటే, ఎన్ని గడులు మిగిలితే సరిగ్గా అంతే పందెం పడాలి కనుక చివర్లో ఒక్క ఒకటి కోసం పది పందేలు వేయాల్సి వస్తుంది, పిల్లలు లేచిపోతారు. మనిషికి రెండు కాయలే పెట్టండి.

నేల మీద గంట కూర్చోవడం అందరి వల్లా కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఉన్నారు, మోకాలు మడవడమే కష్టం, మెడ వంచడం అంతకన్నా కష్టం. వాళ్లకు గచ్చు మీద గీసిన అష్టాచెమ్మ వద్దు. అట్టముక్క మీద గీసి బల్ల మీద పెట్టండి, గవ్వలు గిన్నెలో వేసి కదిలించి కుమ్మరించొచ్చు. వామనగుంతల పీటనైతే కుర్చీలో కూర్చున్నవాళ్ల ఒళ్లోనే పెట్టొచ్చు, ఈ ఒక్క విషయంలో మిగతా రెండూ దాని దరిదాపులకు రావు.

పులిమేక తొమ్మిదేండ్లు దాటిన పిల్లలకు, తీరికగా ఉన్న తాతకు. కొసన ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి కిందికి నాలుగు గీతలు, వాటి అడుగున ఒక అడ్డగీత. మధ్యలో నాలుగు గీతలనూ దాటి రెండు పక్కలకూ పొడుచుకొచ్చేటట్టు మూడు అడ్డగీతలు, వాటి చివరలను కలుపుతూ అటూ ఇటూ ఒక్కో నిలువు గీత. గీతలు కలిసే చోట్లన్నీ కలిపి 23 చుక్కలు తేలాలి, 22 వచ్చాయంటే ఎక్కడో గీత కలవలేదు. పులులు మూడు, మేకలు 15. మేకలను వంతుకొకటి చొప్పున పెట్టాలి, 15 పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది, గీత వెంట మేకను దూకి అవతలి ఖాళీ చుక్కలో పడితే ఆ మేక పోయినట్టే. పులులన్నీ కదల్లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. అన్నీ దిగితే 23లో ఖాళీ చుక్కలు అయిదే, అందుకే పులి ఇరుక్కుంటుంది. అయిదు మేకలు పోయాయంటే ఖాళీలు పది, ఇక పులిని కట్టడం కష్టం.

పిల్లలు మేకలను నడిమి చుక్కల్లో పెట్టి వరుసగా పోగొట్టుకుంటారు. మేక కూర్చుంటే పులి దాన్ని దూకలేని చుక్కలు ఏడు: కొస, అడుగు గీత రెండు మూలలు, అడ్డగీతల చట్రం నాలుగు మూలలు. కొసన ఎట్లాగూ పులే కూర్చుంటుంది కనుక మొదటి ఆరు మేకలను మిగతా మూలల్లో దించమని నేర్పితే చాలు. అయినా తాత పులులైతే పిల్లవాడు వారం దాకా గెలవడు. మొదట్లో పులులను పిల్లవాడికే ఇవ్వండి, దూకే చోటు చూడటం తేలిక. తాత 15 బదులు 13 మేకలతో ఆడితే పోటీ సమంగా ఉంటుంది.

ముగ్గురో నలుగురో, పెద్దా చిన్నా కలిసి ఉంటే అష్టాచెమ్మ. చురుకైన పిల్లవాడు, ఓపికున్న తాత ఉంటే పులిమేక. ఇంట్లో ఒక్కటే ఉంచుకోమంటే మాత్రం వామనగుంతల పీటే. ఆ 70 గింజల్లోనే పులిమేకకు మేకలూ దొరుకుతాయి, అష్టాచెమ్మకు కాయలూ దొరుకుతాయి. పులులకు మూడు గులకరాళ్లు ఏరుకొస్తే చాలు.