కీప్‌అలైవ్‌డీ: రౌటర్ పోతే సరే, లైను పోతే?

మా ఆఫీసులో రెండు లినక్స్ రౌటర్ల మీద, ఒకటి పడిపోతే రెండోది దాని పని అందుకునేలా చూసే కీప్‌అలైవ్‌డీ కొన్నేళ్లుగా నడుస్తోంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, కాన్ఫిగరేషన్ ఫైలు పేజీ దాటదు. వీఆర్ఆర్‌పీ అనే ప్రోటోకాల్ పద్ధతిలో రెండు రౌటర్లకూ కలిపి ఒక వర్చువల్ ఐపీ ఉంటుంది. ఉద్యోగుల కంప్యూటర్లకు గేట్‌వేగా, అంటే బయటి నెట్‌కు దారిగా, తెలిసింది ఆ ఒక్క చిరునామానే.

పెద్ద రౌటర్, అంటే మామూలుగా పని చూసుకునేది, దాని ప్రయారిటీ 150, రెండోదానిది 100. పెద్దది సెకనుకొకసారి ‘నేనున్నాను’ అని చెబుతుంది. దాని ప్లగ్గు పీకితే, మూడు సెకన్లు చూసి, ఆపైన ప్రయారిటీని బట్టి మరో 0.6 సెకను ఆగి రెండోది బాధ్యత తీసుకుంటుంది. నడుస్తున్న పింగ్‌లో (అవతలివైపు పలుకుతుందో లేదో చూసే పరీక్ష) మూడు నాలుగు జవాబులు పోతాయి, అంతే. ఇక్కడ వంక పెట్టడానికేమీ లేదు.

కానీ రౌటర్ పాడవడం ఎంత అరుదు! మా వీధి తవ్వకాల్లో తెగేది ఫైబర్. అప్పుడు రౌటర్ నిక్షేపంగా ఉంటుంది, మోడెం వైపు పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం ఉండదు. కీప్‌అలైవ్‌డీకి తనంతట తానుగా ఈ సంగతి తెలియదు. దీనికి మందు ట్రాక్ స్క్రిప్ట్, అంటే లైను బాగుందో లేదో పదేపదే పరీక్షించే చిన్న ప్రోగ్రాం. మోడెంను పింగ్ చేసి లాభం లేదు, అది ఎప్పుడూ పలుకుతుంది. కచ్చితంగా ఆ లైను గుండానే ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ 8.8.8.8నూ క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1నూ పలకరించాలి; రెండూ మౌనంగా ఉంటేనే లైను పోయినట్టు. లెక్క కూడా సరిచూసుకోవాలి. పరీక్ష తప్పితే ప్రయారిటీని ఎంత మార్చాలో చెప్పే వెయిట్ -20 అని రాస్తే 150 కాస్తా 130 అవుతుంది, 100 కంటే ఇంకా ఎక్కువే కాబట్టి ఏమీ మారదు. -60 పెడితే 90కి దిగి పక్కకు తప్పుకుంటుంది.

అసలు తలనొప్పి తిరిగి రావడంలో ఉంది. తెగిన లైను వస్తూ పోతూ ఉంటే రౌటర్లూ అటూ ఇటూ మారుతుంటాయి. ఒక్కో రౌటర్‌కు ఒక్కో లైను, మా రెండు లైన్లు వేర్వేరు కంపెనీలవి. మారిన ప్రతిసారీ పబ్లిక్ ఐపీ మారి వీడియో కాల్స్ తెగుతాయి. కాన్‌ట్రాక్‌డీతో కనెక్షన్ల వివరాలు రెండో రౌటర్‌కు పంపినా దీన్ని ఆపలేం. అందుకే 5 సెకన్లకోసారి పరీక్ష, ఫాల్ 3 (వరుసగా మూడుసార్లు తప్పితే పోయినట్టు), రైజ్ 60 (వరుసగా 60 సార్లు నెగ్గితే వచ్చినట్టు) అని పెట్టాను. పోతే పావు నిమిషంలో పక్కకు మారుతుంది, వస్తే వరుసగా 5 నిమిషాలు నిలబడ్డాకే వెనక్కి వస్తుంది.

ఫైర్‌వాల్‌లో 112వ నంబరు ప్రోటోకాల్‌ను, అంటే వీఆర్ఆర్‌పీని, అనుమతించడం మరవకండి. లేదంటే రెండు రౌటర్లూ తామే పెద్దవనుకుని ఒకే ఐపీ పెట్టుకుని కూర్చుంటాయి. రౌటర్ల జతను గుర్తించే నంబరైన వర్చువల్ రౌటర్ ఐడీ కూడా మార్చండి. నమూనా ఫైళ్లలో కనిపించే 51నే జనం అలాగే దించేస్తారు. అదే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లోని అదే భాగంలో) అదే నంబరుతో ఇంకో జత ఉంటే గొడవ ఖాయం.