బుజ్లుద్జా: కొత్తగా చేయాలా, ఉన్నది నిలపాలా?

బల్గేరియాలో ఒక కొండమీద కమ్యూనిస్టు పార్టీ కట్టించి 1981లో తెరిచిన, ఇప్పుడు పాడుబడిన బుజ్లుద్జా స్మారక భవనం ఫొటోలు చూపించినప్పుడల్లా నల్లగొండలో మా సివిల్ పిల్లలు అడిగేది ఒకటే: దాన్ని మళ్లీ 1981లో ఉన్నట్టు చేస్తే మేలా, ఇప్పుడున్నట్టే కాపాడితే మేలా? కూల్చేయమనేవాళ్లూ ఉన్నారు. అంత ఎత్తున అంత కాంక్రీటు పగలగొట్టి కిందికి దించడానికే బోలెడు ఖర్చు, దక్కేది మట్టిగడ్డ. ఆ దారి నాకు లెక్కలోకే రాదు.

కొత్తగా చేయాలనే వాదనలో బలం ఉంది. గెయోర్గి స్టొయిలోవ్ గీసిన ఆ గుండ్రటి హాలు అందమంతా గోడల మొజాయిక్‌దే, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మలదే. కానీ రాలినవన్నీ మళ్లీ అతికిస్తే, 1989లో ప్రభుత్వం మారాక ఆ భవనం మీద గడిచిన కాలం కనబడకుండా పోతుంది. అదీ చరిత్రే కదా.

నా దృష్టిలో తేల్చేది నీళ్లు. పైకప్పు రాగిరేకులు దొంగలు పీక్కుపోయాక వానా మంచూ నేరుగా లోపలికి దిగాయి. కాంక్రీటు పీల్చిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. చలికాలమంతా ఇలా గడ్డకట్టడం, కరగడం జరుగుతుంటే సన్న పగుళ్లు కూడా వెడల్పవుతాయి. మనకు మంచు లేకపోయినా మిగతా కథ తెలిసిందే. పాత డాబా సజ్జ కింద చూడండి: ముందు చువ్వ వెంట సన్నటి గీత, తర్వాత తుప్పురంగు మరక, సుత్తితో తడితే బోలు చప్పుడు, చివరికి పెచ్చు ఊడి చువ్వ బయటపడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెట్టింపుకు పైగా చోటు అడుగుతుంది, పెచ్చును తోసేది అదే. తుప్పు గీకకుండా, నీళ్లు ఆపకుండా మేస్త్రీ పైన సిమెంటు పూస్తే ఒకటి రెండు వానాకాలాలకే మళ్లీ ఊడుతుంది.

అందుకే నా మొగ్గు ఉన్నది నిలపడం వైపే. 2019లో అమెరికాలోని కళాసంస్థ గెట్టీ ఫౌండేషన్ సాయంతో సంరక్షణ ప్రణాళిక మొదలైంది. 2020లో అక్కడ చేతికెత్తుకున్న పని కూడా మిగిలిన మొజాయిక్ ఇంకా రాలకుండా పట్టి నిలపడమే.

కొత్తది వేయక తప్పని చోటూ ఉంటుంది. క్రొయేషియాలో పెట్రోవా గోరా స్మారకానికి స్టీలు రేకులు పోయాయి, వాన అడ్డుకోవాల్సింది అవే. బుజ్లుద్జా పైకప్పూ అంతే. డబ్బు ఒక్క పనికే సరిపోతే నేను ముందు పైకప్పు మూయిస్తాను, నీళ్లు బయటికి పోయే దారి సరిచేయిస్తాను. గోడల సంగతి ఆ తర్వాతే.