మూడు వందల రూపాయల మల్టీమీటరు, ఏడేళ్ల వాడకం

వైర్లు మూడుసార్లు మార్చాను. 9 వోల్టుల బ్యాటరీ ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. వోల్టులు, కరెంటు కొలిచే ఈ మీటరు మాత్రం 2018లో తిరుపతి గాంధీ రోడ్డులో మూడు వందలు పెట్టి కొన్నదే. పసుపు రంగు డబ్బా, మధ్యలో గుండ్రటి నాబ్. ఏ ఎలక్ట్రీషియన్ సంచిలో చూసినా కనిపించే రకం. నేను మెకానిక్‌ని కాదు, ట్రావెల్స్ ఆఫీసులో లెక్కలు రాసుకునేవాణ్ణి. ఇంట్లో ఏదైనా చెడిపోతే మూత విప్పి చూడకుండా ఉండలేను, అంతే.

దీని మీద గురి కుదిరింది ఒక గరుడసేవ నాడు. మా అమ్మకు కొండెక్కే ఓపిక లేదు. ఎస్వీబీసీలో చూద్దామని మధ్యాహ్నం నుంచే కాచుకొని కూర్చుంది. తీరా టీవీ పెడితే ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది, బొమ్మ లేదు. "ఒరే నాయనా, షాపతన్ని పిలువు. నువ్వు విప్పితే ఉన్నది కూడా పోతుంది" అంది. బ్రహ్మోత్సవాల్లో, అదీ గరుడసేవ రోజు, షాపతను ఎక్కడ దొరుకుతాడు?

వెనక మూత తీశాను. పవర్ బోర్డులో, టీవీ ఆపి ఉన్నా అందే 5 వోల్టుల స్టాండ్‌బై బాగానే ఉంది. 12 వోల్టులు రావాల్సిన చోట మాత్రం 7 దాకా ఎక్కి పడిపోతోంది. ఆ పక్కనే కరెంటు నిలవ ఉంచే రెండు కెపాసిటర్లు, 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులవి, తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ల నుంచి పీకి దాచుకున్న 25 వోల్టులవి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతికించాను. (వోల్టేజీ ఎక్కువ రాసి ఉన్నది వేయొచ్చు, తక్కువది కూడదు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే పేలుతుంది.) వాహనం మాడ వీధుల్లోకి వచ్చేసరికి బొమ్మ వచ్చింది. అమ్మ నన్ను మెచ్చుకోలేదు. "గోవిందా" అని టీవీకి దండం పెట్టుకుంది. ఆ పేరు కూడా స్వామికే పోయింది.

ఇక దీనితో పడ్డ పాట్లు. బ్యాటరీ నీరసిస్తే ఈ మీటరు తక్కువ చూపించదు, ఎక్కువ చూపిస్తుంది. ఒక రాత్రి ప్లగ్గులో 270 వోల్టులు చూపిస్తే భయపడి ఇల్లంతా ఆఫ్ చేసి, చీకట్లో దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం. పొద్దున కొత్త బ్యాటరీ వేస్తే 232. తెర మూలన చిన్న బ్యాటరీ గుర్తు కనిపిస్తుంటే ఏ అంకెనూ నమ్మకండి.

రెండోది ఇంకా ఘోరం. దీంట్లో పెద్ద కరెంటు కొలిచే 10 ఆంపియర్ల కన్నం వేరుగా ఉంటుంది, దానికి ఫ్యూజు లేదు. ఎర్ర వైరు అందులోనే మరిచిపోయి ప్లగ్గులో పెట్టాను. టప్‌మని మెరుపు, ఎంసీబీ పడిపోయింది, వైరు మొన కరిగింది. వేళ్లు మిగలడం నా అదృష్టం. అప్పటి నుంచి ఆ కన్నానికి టేపు అంటించి ఉంచాను.

కెపాసిటర్ విలువ కొలవడం దీనికి చేతకాదు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ నీరసించిందేమోనని కొత్తది వేసి చూడడమే దారి. ఎల్‌ఈడీ టీవీలో మాటలు వినిపించి బొమ్మ రాకపోతే, తెర మీద టార్చి కొట్టి చూస్తే మసగ్గా బొమ్మ కనిపిస్తుంది, అంటే లోపల బ్యాక్‌లైటు పోయిందన్నమాట. ఆ బ్యాక్‌లైటు ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పరీక్షించే సత్తా కూడా దీనికి లేదు. నేను వాటి కోసం వేరే టెస్టరు తెచ్చుకొని 32 అంగుళాల ప్యానెల్ విప్పాను. తెర అంచున ఉండే పల్చటి రిబ్బను చిరిగింది, టీవీ మొత్తం పాత సామాన్ల బండికి పోయింది. ఆ పని ఇంట్లో వద్దనే అంటాను.

మీటరు కన్నా నన్ను ఎక్కువ కాపాడింది సొంతంగా చేసుకున్న సీరీస్ బోర్డు. ఒక పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు, ఒక ప్లగ్గు, చెక్క ముక్క. అనుమానమున్న వస్తువును దాని గుండా పెడితే, లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, లేకపోతే టీవీ లాంటివాటికి ఒక్కసారి మెరిసి తగ్గుతుంది. పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ దగ్గర మాత్రం ఏ బోర్డూ కాపాడదు. ప్లగ్గు పీకాక కూడా అందులో 320 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. చెడిపోయిన బోర్డులోనే అది ఎక్కువసేపు ఉంటుంది, ఆ కరెంటును వాడుకునేవాళ్లు లేరు కదా. వైర్లు తగిలించిన ఇంకో ఫిలమెంటు బల్బుతో దాన్ని ఖాళీ చేసి, 1000 వోల్టుల రేంజిలో సున్నాకు వచ్చిందో లేదో చూశాకే చెయ్యి పెడతాను.

నాబ్ ఇప్పుడు వదులైంది, కొంచెం ఎడమకు నొక్కి పట్టుకుంటేనే, తీగ తెగలేదని చెప్పే బజరు మోగుతుంది. కొత్తది కొందామని రెండేళ్లుగా అనుకుంటున్నాను. రిమోట్ పనిచేయకపోతే అమ్మ ఇప్పుడు సెల్లులు తీసి మీటరు పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోతుంది.