"కమీషన్ లేదు" అనే బోర్డు చూసి టూర్ డబ్బంతా అక్కడే మార్చుకోకండి

పోయిన నెల కుటుంబంతో విదేశీ టూర్‌కి వెళ్లొచ్చాం. టికెట్లు, హోటళ్లు పదిచోట్ల రేట్లు చూసి మరీ బుక్ చేశాను. డబ్బు మార్చుకునే సంగతి ఒక్కటే "అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే" అని వదిలేశాను. సరిగ్గా అక్కడే దెబ్బ తిన్నాం. ఈ సెలవుల్లో బయల్దేరేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విమానం దిగేసరికి అర్ధరాత్రి. పిల్లలు నిద్రకు తూగుతున్నారు. ట్యాక్సీకి ఇద్దామంటే ఆ దేశం నోటు ఒక్కటి కూడా చేతిలో లేదు. సామాను తీసుకునే చోట ఒక కౌంటర్, దానిపైన పెద్ద అక్షరాలతో "కమీషన్ లేదు" అని బోర్డు. కమీషన్ లేదంటే మనకు నష్టం లేనట్టే అనుకున్నాను. ఆ టెన్షన్‌లో టూర్ మొత్తానికి సరిపడా ఒకేసారి మార్చేశాను. కొంత నగదు ఇచ్చాను, మిగతాదానికి క్రెడిట్ కార్డు గీకాను.

గదికి చేరాక రసీదు ముందు పెట్టుకుని ఫోన్‌లో లెక్క చూస్తే గుండె గుభేలుమంది. మార్కెట్ రేటు ప్రకారం 100 రావాల్సిన చోట నాకు వచ్చింది 89.

కమీషన్ తీసుకోలేదన్న మాట నిజమే. రసీదులో ఆ గడిలో సున్నా ఉంది. తీసుకున్నదంతా రేటులోనే తీసుకున్నారు. కరెన్సీ మార్కెట్లో కొనే ధరకూ అమ్మే ధరకూ సరిగ్గా నడుమ ఉండేదాన్ని మధ్య రేటు అంటారు. ఫోన్‌లో వెతికితే కనిపించేది దాదాపు అదే. ఆ రేటుకు మనకు నోట్లు ఎవరూ ఇవ్వరు, అది అన్యాయమూ కాదు. నోట్లు తెప్పించుకోవాలి, అద్దె కట్టాలి, జీతాలివ్వాలి. రెండు మూడు శాతం తేడా ఉంటే నేను ఏమీ అనను. పదకొండు శాతం పట్టుకుని దాని మీద "కమీషన్ లేదు" అని రాసుకోవడమే నాకు మింగుడుపడలేదు.

మర్నాడు ఊళ్లో తిరుగుతుంటే ఇంకో రకం చూశాను. ఒక షాపు బయట బోర్డు మీద రేటు చాలా బాగుంది. లోపలికి వెళ్తే దానికంటే బాగా తక్కువ రేటు చెప్పారు. మళ్లీ బయటికొచ్చి బోర్డును దగ్గరగా చూశాను. అంకె పక్కన చిన్న చుక్క గుర్తు, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "పెద్ద మొత్తాలకు మాత్రమే". పైగా పెద్దగా రాసింది వాళ్లు మనకు అమ్మే ధర. మన దగ్గర కొనే ధర పక్క వరుసలో సన్నగా ఉంది. కొనడం, అమ్మడం అన్న మాటలు ఆ బోర్డు మీద ఎప్పుడూ షాపువాళ్ల వైపు నుంచి రాసినవే. అది మర్చిపోతే తికమకపడతాం.

అందుకే ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న అడగండి: "ఇంత ఇస్తే, అన్నీ పోను నా చేతికి ఎంత వస్తుంది?" ఆ అంకెను మధ్య రేటు ప్రకారం రావాల్సిన దానితో పోల్చండి. నోట్లు ఇచ్చేయకముందే అడగాలి సుమా.

క్రెడిట్ కార్డు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. కౌంటర్‌లో కార్డుతో కరెన్సీ కొంటే చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసుకున్నట్టే లెక్కేస్తాయి. నా స్టేట్‌మెంట్‌లో విడిగా ఒక ఫీజు, ఆ రోజు నుంచే వడ్డీ కనిపించాయి. మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దీనికి వర్తించలేదు.

కార్డుతో ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది అందరికీ తగిలేదే. విదేశంలో స్వైప్ మెషీన్, ఏటీఎం "మీ దేశం కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడుగుతాయి. మన కరెన్సీ అయితే అర్థమవుతుంది కదా అని దాన్నే నొక్కాలనిపిస్తుంది. అలా నొక్కితే రేటు వేసేది మన బ్యాంకు కాదు, ఆ మెషీన్ వెనకున్న కంపెనీ. ఎక్కువసార్లు మనకు నష్టమే. ఆ దేశం కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎం "మార్పిడిని తిరస్కరిస్తారా" అని భయపెట్టేలా అడిగినా తిరస్కరించండి, డబ్బు వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఇలా మెషీన్ మార్చే రేటు ఎంత ఎక్కువో శాతంలో ముందే చూపించాలన్న నియమం వచ్చింది. అక్కడ ఆ అంకె కనిపిస్తే చదివాకే ఏదైనా నొక్కండి. ఆ దేశం కరెన్సీలో కడితే కార్డు కంపెనీలు వీసా, మాస్టర్‌కార్డ్ ఏ రోజు ఏ రేటు వేస్తాయో వాటి వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు. మీ బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ ఫీజు దానికి అదనం.

మళ్లీ వెళ్తే నేనేం చేస్తానంటే, బయల్దేరే ముందే రెండు మూడు చోట్ల అడిగి మొదటి రోజుకు సరిపడా నోట్లు మాత్రం తీసుకుంటాను. మిగతాది ఫీజు తక్కువున్న కార్డుతో గడుపుతాను. ఏటీఎంలో ఒక్కోసారికి ఫీజు పడుతుంది కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తీయను. డాలర్లు పట్టుకెళ్లేవాళ్లు చిరిగినవి, గీతలు పడినవి, బాగా పాత డిజైన్‌వి వద్దనండి. చాలా దేశాల్లో కౌంటర్లవాళ్లు అలాంటివి వెనక్కి ఇచ్చేస్తారు.

మిగిలిన డబ్బు తిరిగి మార్చుకుంటే రెండో దెబ్బ. నాకు పడిన రేటే వెనక్కి మార్చేటప్పుడూ పడితే 100 కాస్తా 79 అవుతుంది. నాణేలైతే చాలా కౌంటర్లు తీసుకోనే తీసుకోవు. నావి గుప్పెడు ఇంకా సొరుగులోనే ఉన్నాయి. చివరి రోజు హోటల్ బిల్లులో ముందు నాణేలు, మిగిలిన నోట్లు ఇచ్చేసి, తక్కువైనదే కార్డుతో కట్టండి.