కథాభాగం బోధించడానికి ఏ వ్యాఖ్యానం: మొత్తం బైబిలుకా, ఒక్క గ్రంథానికా?

2 సమూయేలు 11 మీద ప్రసంగం అనుకోండి: దావీదు రాజు ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాను చంపించిన కథ.

ఖర్చు: మాథ్యూ హెన్రీ మొదలుపెట్టగా, 1714లో ఆయన చనిపోయాక ఇతరులు ముగించిన పూర్తి బైబిలు వ్యాఖ్యానం ఇంటర్నెట్‌లో ఉచితం. సమూయేలుకే విడిగా రాసిన కొత్తది కొనాలి, అదీ ఎక్కువగా ఇంగ్లీషులోనే.

శ్రమ: మొదటిది శనివారం రాత్రి తెరిచినా ఏదో ఒకటి దొరుకుతుంది. రెండోదానికి సోమవారమే కూర్చోవాలి.

అసలు తేడా కథను చూపించడంలో ఉంది. హెన్రీ వచనం వచనానికీ బుద్ధిమాట తీస్తాడు. మంచి విడి వ్యాఖ్యానం కథ నడకను పట్టిస్తుంది. ఆ అధ్యాయంలో ‘పంపు’ అనే మాట పదేపదే వస్తుంది. దావీదు తన సేనాధిపతి యోవాబును పంపుతాడు, బత్షెబ కోసం మనుషుల్ని పంపుతాడు, ఊరియా చావు ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపుతాడు. 12వ అధ్యాయం తెరవగానే, యెహోవా నాతాను ప్రవక్తను పంపుతాడు! ఇది కనబడితే ప్రసంగానికి వెన్నెముక దొరికినట్టే.

రిస్క్: మొదటిదానితో కథ కాస్తా నీతుల చిట్టా అయిపోవచ్చు. రెండోదానితో హీబ్రూ చర్చల్లో మునిగి సంఘాన్ని మర్చిపోవచ్చు.

వారానికి నాలుగు కూటాలు ఒంటరిగా చూసుకునే పల్లె సంఘ కాపరికి హెన్రీ చాలు. ఒకే గ్రంథాన్ని నెలల తరబడి వరుసగా బోధించేవారు మాత్రం ఆ గ్రంథానికి ఒక్క విడి వ్యాఖ్యానమైనా కొనుక్కోవాలి.