గ్రూప్ క్లాసుకు చక్రాల డంబెల్ ర్యాకు: ఏం చూసి కొనాలి

జిమ్ముల్లో కనిపించే మామూలు డంబెల్ ర్యాకు గ్రూప్ క్లాసుకు పనికిరాదు. అందులో ఒక్కో బరువుకు ఒకటో రెండో జతలుంటే చాలు, జనం విడివిడిగా వచ్చి తీసుకుంటారు. క్లాసులో మాత్రం ఇరవై మంది ఒకేసారి లేచి రెండు కిలోలవే కావాలంటారు. గోడకు ఆనించిన ర్యాకు అయితే దాని ముందు బఫే లైనే. రెండు వైపులా తెరిచి ఉండే, మూడు అరల, నాలుగడుగుల చక్రాల ర్యాకు ఈ ఇబ్బంది తీరుస్తుంది.

అమ్మేవాళ్లు చెప్పే 'అరవై జతలు' మాత్రం నమ్మకండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తేనే అన్ని పడతాయి. కిందిది లాగితే పైది కాలిమీదే. ఒకే వరుసలో అంకె బయటికి కనిపించేలా పెడితే లెక్క ఇలా తేలుతుంది: పై అరలో కిలోవి 16 జతలు, మధ్యలో రెండు కిలోలవి 12, అడుగున మూడు కిలోలవి 12. మొత్తం 152 కిలోలు. ర్యాకు బరువు ఓ నలభై వేసుకోండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే భారమంతా మూడు చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఒక్కో చక్రం కనీసం 75 కిలోలు మోయగలగాలి. చవక మోడళ్లు దెబ్బతినేది ఇక్కడే: గట్టి నైలాన్ చక్రాలు వినైల్ ఫ్లోరింగ్ మీద గీతలు పెడతాయి. నాలుగంగుళాల పాలీయురేథేన్ చక్రాలు, వాటిలో కనీసం రెండింటికి బ్రేకు అడగండి.

అర ముందంచు అంగుళమైనా పైకి లేచి ఉండాలి. లేకపోతే గడప దాటేటప్పుడు డంబెల్స్ జారతాయి, గుండ్రటివైతే మరీను. అడుగు అర ముందుగా ఖాళీ అయి పైది నిండుగా ఉంటే ర్యాకు ఊగుతుంది, ఆ స్థితిలో తోయకూడదు.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తుప్పు మొదలయ్యేది వెల్డింగ్ అతుకుల దగ్గరే. కొనేటప్పుడు అరను తిప్పి అడుగున పౌడర్ కోటింగ్ అంటిందో లేదో చూడాలి. పెచ్చు లేచినచోట గీకి రెడ్ ఆక్సైడ్ పూస్తే ఆగుతుంది.

డంబెల్స్ మీది చెమట తుడవడానికి శానిటైజర్ వద్దు, ఆల్కహాల్ తగిలి తగిలి వాటి వినైల్ తొడుగు బిగుసుకుపోయి పగులుతుంది. కాస్త సబ్బునీళ్లు, పొడిగుడ్డ చాలు. తడిగా పెడితే పక్కపక్క తొడుగులు అంటుకుంటాయి.